సైకిలూ, సీసా, పళ్ళూ

ఈ వారం టపాలో సికిందరాబాదు నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఉత్తరం సారాంశం ఇది:

"మా పెద్దవాడికి 26 ఏళ్ళు. కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. మూడేళ్ళ క్రితం వాడి బరువు 94 కిలోలు. రక్తంలో చక్కెర హద్దు దాటబోతున్నదని డాక్టరు హెచ్చరించాడు. మావారికి పదిహేనేళ్ళుగా చక్కెర వ్యాధి. మా మామగారు దానితోనే పోయారు. పిల్లవాడు భయపడి సైకిలు కొనుక్కున్నాడు. శని, ఆదివారాలు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి ఔటర్ రింగురోడ్డు ప్రక్కన వేసిన సైకిలు బాటకు పోతాడు. ఇప్పుడు వాడు 78 కిలోలు. చక్కెర మామూలుకు వచ్చింది. మేమంతా ఎంతో సంతోషించాం.

"నిరుడు సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచీ చన్నీళ్ళు త్రాగితే పళ్ళు జివ్వుమంటున్నాయని అనడం మొదలుపెట్టాడు. నెల క్రితం పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాం. ఆరు పళ్ళు పుచ్చాయి. రెండింటికి రూట్ కెనాల్ చేయాలట. ముందు పళ్ళ పైపొర అరిగి పలచబడిందట. వాడు రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకుంటాడు, మిఠాయి ముట్టడు. డాక్టరు అన్నీ విని, 'సైకిలు మీద ఏం త్రాగుతావు?' అని అడిగాడు. రంగునీళ్ళ సీసా, జెల్ పొట్లాలు బయటపడ్డాయి. అప్పటినుంచి మావారు సైకిలు అమ్మేయమంటున్నారు. వాడు తండ్రితో మాట్లాడడం మానేశాడు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. నేను ఎవరి ప్రక్కన నిలబడాలి?"

అమ్మా, నా ఓటు సైకిలుకే. పదహారు కిలోల బరువు దించి, తాతనూ తండ్రినీ పట్టిన జబ్బును గుమ్మం దగ్గరే నిలబెట్టిన వాహనాన్ని పళ్ళ కోసం అమ్ముకోవడమంటే, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లే. అయితే మీవారి కోపమూ ఊరికే వచ్చినది కాదు. ఆరు పళ్ళు పోవడమంటే మాటలా? అందులోనూ 26 ఏళ్ళ వయస్సులో! తండ్రీ కొడుకులిద్దరూ ఒకసారి సైకిలును వదిలి ఆ సీసా సంగతి చూస్తే బాగుంటుంది. నేను డాక్టరును కాను. కాని ఈ విషయం మీద కొంత చదివాను, తెలిసిన దంతవైద్యురాలిని అడిగాను. అదంతా ఇక్కడ వ్రాస్తున్నాను. సైకిలు త్రొక్కే పిల్లలున్న ఇళ్ళు ఈ రోజుల్లో తక్కువేమీ లేవు.

మొదట ఆ రంగునీళ్ళ పుట్టుక చెబుతాను. 1965లో అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ అనే డాక్టరు ఉండేవాడు. ఎండలో ఆడి సొమ్మసిల్లిపోతున్న ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం ఆయనా, ఆయన సహచరులూ కలిసి నీళ్ళలో ఉప్పు, చక్కెర కలిపి ఒక పానీయం తయారుచేశారు. అది నోట పెట్టుకోలేనట్లు ఉంటే, నిమ్మరసం పిండి చూడమని ఆయన భార్య సలహా చెప్పిందట. ఆ విధంగా తీపికి పులుపు తోడయింది. ఆ జట్టు పేరు మీదుగా దానికి గేటరేడ్ అని పేరు పెట్టారు. ఈనాడు బజారులో దొరికే ఆటగాళ్ళ పానీయాలన్నిటికీ అదే పెద్దక్క.

చెమటలు క్రక్కే ఆటగాడికి అది మంచి మందే. అందులో చక్కెర మాత్రం లీటరుకు 60 గ్రాముల దాకా ఉంటుంది. అరలీటరు సీసా అంటే 30 గ్రాములు, అంటే నిండుగా ఆరు చెంచాలు. మన ఇంట్లో ఎవరైనా గ్లాసెడు కాఫీలో ఆరు చెంచాల చక్కెర వేసుకుంటే ఊరుకుంటామా? సైకిలు సీసాలో ఉంటే మాత్రం అది ఆరోగ్యమనుకుంటాం!

ఇక నోట్లో జరిగే పని. పంటి పైపొరను ఎనామిల్ అంటారు. మన ఒంట్లో దానికంటె గట్టి పదార్థం లేదు. నూటికి 96 పాళ్ళు ఖనిజమే. కాని దానికొక బలహీనత ఉంది. పులుపు తగిలితే కరుగుతుంది. వంటింటి గట్టు మీద కడప రాయి పరచుకున్నవారికి ఇది బాగా తెలుస్తుంది. పిండిన నిమ్మచెక్క ఆ రాతి మీద పెట్టి మరచిపోతే, అక్కడ నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. ఎంత తుడిచినా పోదు. రాతిలోని సున్నాన్ని పులుపు తినేసింది. పంటి మీద జరిగేదీ అటువంటిదే.

ఆ పులుపు రెండు దారులలో వస్తుంది. ఒకటి, సీసాలోనే ఉన్న పులుపు. రెండవది మన నోట్లోనే తయారవుతుంది. పంటి పాచిలో కాపురముండే సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను తాము తిని ఆమ్లాన్ని వదులుతాయి. మొదటి దానివల్ల పన్ను పైనుంచి అరుగుతుంది, రెండవ దానివల్ల పుచ్చుతుంది. పాపం, మీ అబ్బాయికి రెండూ జరిగాయి. ఆ సీసాలో రెండూ ఉన్నాయి గదా!

పులుపును కొలవడానికి పి.హెచ్. అని ఒక కొలత ఉంది. మంచినీళ్ళకు సుమారు 7. అంకె తగ్గినకొద్దీ పులుపు పెరుగుతుంది. నోట్లో ఆ అంకె 5.5 కంటె దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఆటగాళ్ళ పానీయాలు చాలావరకు 3, 4 మధ్య ఉంటాయి. 1940లలో రాబర్ట్ స్టీఫెన్ అనే ఆయన పంటి మీద పాచిలో ఈ పులుపును కొలిచి చూశాడు. తీపి తగిలిన కొద్ది నిమిషాలలోనే అంకె జారిపోతుంది. తిరిగి మామూలుకు రావడానికి అరగంట పడుతుంది, ఒక్కొక్కరికి గంట కూడా పడుతుంది.

అలా తిరిగి మామూలుకు తెచ్చేది మన ఉమ్మి. మనం దాన్ని చులకనగా చూస్తాం గాని, పళ్ళకు అంతకు మించిన దాది లేదు. పులుపును విరుస్తుంది, తీపిని కడుగుతుంది, కరిగిపోయిన కాల్షియాన్ని కొంత తిరిగి పంటికి అతికిస్తుంది. కాని దానికి కావలసినది వ్యవధి. మట్టిగోడ ఉన్న ఇంట్లో పెరిగినవారికి తెలిసే ఉంటుంది. ఒక్క జడివాన కురిసి వెలిస్తే గోడ ఎండుకు మళ్ళీ గట్టిపడుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందా, గోడ కూలుతుంది. పది నిమిషాలకొక గుక్క చొప్పున మూడు గంటలపాటు తీపినీళ్ళు చప్పరించడం పళ్ళకు ముసురు పట్టడమే. అదే సీసాను ఒక్కసారి గడగడ త్రాగేసి ఊరుకుంటే ఒక్క వానతో పోయేది.

ఈ సంగతి తేల్చడానికి స్వీడన్‌లో ఒక పెద్ద పరీక్ష జరిగింది. లుండ్ పట్టణంలోని వీపెహోల్మ్ ఆసుపత్రిలో 1945లో మొదలుపెట్టి కొన్నేళ్ళు నడిపారు. ఆ ఆసుపత్రిలోని వారు బుద్ధిమాంద్యం ఉన్న అభాగ్యులు. వాళ్ళ అనుమతి ఎవరూ అడగలేదు. పళ్ళు పుచ్చేటట్లు తిండి పెట్టి చూశారు. ఇవాళ అటువంటి పరీక్షకు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కాని వాళ్ళ బాధ వల్ల లోకానికి తెలిసిన సత్యాన్ని మరచిపోవడం ఇంకా అన్యాయం. భోజనంతో పాటు చక్కెర తిన్నవారికి పళ్ళు పెద్దగా పుచ్చలేదు. భోజనానికీ భోజనానికీ మధ్య, పళ్ళకు అంటుకుపోయే టాఫీలు మాటిమాటికీ తిన్నవారికి విపరీతంగా పుచ్చాయి. ఎంత తిన్నారనే దానికంటె ఎన్నిసార్లు తిన్నారు, అది నోట్లో ఎంతసేపు నిలిచింది అనేవే ముఖ్యమని తేలింది. ఆ తర్వాత స్వీడన్‌లో పిల్లలకు మిఠాయి వారానికొక్క రోజు, శనివారం నాడు, పెట్టడం అలవాటుగా మారింది. ఆ శనివారపు మిఠాయి అక్కడ ఈనాటికీ ఉంది.

సైకిలు మీద ఉన్నవాడికి ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. ఎగువ త్రొక్కేటప్పుడు నోటితో గాలి పీలుస్తాడు. నోరు ఎండుతుంది. చెమటలు పోసి ఒంట్లో నీరు తగ్గుతుంది, ఉమ్మి ఊరడమూ తగ్గుతుంది. దాదిని ఇంటికి పంపించి, సరిగ్గా ఆ సమయంలోనే పిల్లవాడికి తీపీ పులుపూ పెట్టడమన్నమాట!

"రెండుసార్లు తోముకుంటాడు గదా, మరి ఎందుకు పుచ్చాయి?" అని మీరు అడిగారు. మీ అబ్బాయి ఒక్కడే కాదమ్మా. 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో దంతవైద్యశాలకు వచ్చిన 302 మంది క్రీడాకారుల పళ్ళు పరీక్షించారు. నూటికి 55 మందికి పిప్పిపళ్ళు ఉన్నాయి, 45 మందికి ఎనామిల్ అరిగి ఉంది. నూటికి 18 మంది, ఈ నోటి బాధ తమ ఆటనే దెబ్బతీసిందని చెప్పారు. తరువాత బ్రిటన్‌లో 352 మంది ఒలింపిక్ స్థాయి, వృత్తి క్రీడాకారులను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. వారిలో సైకిలు పందెగాళ్ళూ ఉన్నారు. నూటికి 94 మంది రోజుకు కనీసం రెండుసార్లు పళ్ళు తోముకునేవారే. అయినా నూటికి 49 మందికి వైద్యం చేయించని పిప్పిపళ్ళు ఉన్నాయి! నూటికి 87 మంది ఆటగాళ్ళ పానీయాలు, 70 మంది జెల్‌లు తరచు వాడేవారు. రోజు మొత్తం మీద తోముకోవడానికి పట్టేది నాలుగు నిమిషాలు. సీసా చప్పరించేది మూడు గంటలు. లెక్క మీరే చూడండి.

అయితే చక్కెర పూర్తిగా మానేయాలా? ఇక్కడ పిల్లవాడి పక్షం కూడా చెప్పాలి. దూరప్రయాణం చేసేవాడికి అది నిజంగా కావాలి. ఒంట్లో, కండరాలలో దాచుకున్న పిండిపదార్థం గంటన్నర, రెండు గంటల గట్టి శ్రమకు సరిపోతుంది. అది అయిపోతే కాళ్ళు కదలవు, కళ్ళు తిరుగుతాయి. రద్దీ రోడ్డు మీద అటువంటిది జరిగితే పళ్ళ మాట అటుంచి ప్రాణానికే ముప్పు. కాబట్టి ఎంత దూరం పోతున్నామన్న దాన్ని బట్టి సీసా నింపుకోవాలి.

గంటలోపు ప్రయాణానికి మంచినీళ్ళు చాలు. హైదరాబాదులో 2023 అక్టోబరు 1న తెరిచిన ఆ సైకిలు బాట మొత్తం పొడవు 23 కిలోమీటర్లు. పైన సౌరఫలకాల నీడ కూడా ఉంది. నింపాదిగా త్రొక్కినా ఆ దూరానికి గంటా గంటంబావు పడుతుంది. ఆ మాత్రానికి తీపినీళ్ళు దేనికి? ఇంటికి వచ్చి అందరితో కలిసి ఇడ్లీ తింటే సరిపోతుంది.

గంట దాటి రెండున్నర గంటల వరకూ అయితే, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోమని క్రీడావైద్యులు చెబుతారు. ఇది త్రాగి తీరాలని ఏమీ లేదు, తినవచ్చు. రెండు చిన్న అరటిపళ్ళు తింటే ఆ లెక్క తీరుతుంది. చెట్టు క్రింద ఒక నిమిషం ఆగి తిని, వెంటనే మంచినీళ్ళు పుక్కిలించి మ్రింగి బయలుదేరాలి.

ఇక అసలైన దూరప్రయాణాలు. బ్రెవే అని 200 కిలోమీటర్ల ప్రయాణాలు ఉన్నాయి. పదమూడున్నర గంటలలో పూర్తిచేయాలి. 300, 400, 600 కిలోమీటర్లవీ ఉన్నాయి. మన ఊళ్ళలో ఆడవాళ్ళు కూడా వీటిని పూర్తిచేసి వస్తున్నారు. అటువంటప్పుడు తీపి లేకుండా కుదరదు. అప్పుడు పాటించవలసినవి ఇవి:

ఒకటి. సైకిలుకు రెండు సీసాలు. ఒకదానిలో ఎప్పుడూ మంచినీళ్ళే. తీపి నోట్లో పడిన ప్రతిసారీ దాని వెనుక ఒక గుక్కెడు మంచినీళ్ళు త్రిప్పి మ్రింగాలి. ఇన్ని మాటలలో ఒక్కటే గుర్తుంటుందనుకుంటే దీన్నే గుర్తుంచుకోండి.

రెండు. తీపినీళ్ళు అయిదు నిమిషాలకొకసారి చప్పరించకుండా, అరగంటకో నలభై నిమిషాలకో ఒకసారి నాలుగు గుటకలు గబగబ త్రాగేయాలి. నోట్లో నిలుపుకొని పుక్కిలించకూడదు. సీసా మూతి కాస్త లోపలికి పెట్టుకుంటే ముందు పళ్ళకు తగలకుండా గొంతులోకి పోతుంది.

మూడు. జెల్ పొట్లం ఒక్కొక్క దానిలో 20 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది, జిగురుగా చిగుళ్ళ అంచుల్లో అంటుకుంటుంది. కాస్త కాస్త చీకకుండా ఒక్కసారే తిని నీళ్ళు త్రాగాలి. బిస్కట్లు, చిప్సు కూడా అంతే. తీపి లేదు గదా అనుకోవద్దు. పిండి ఉమ్మిలో నాని చక్కెరగా మారుతుంది, పంటి సందుల్లో గంటలకొద్దీ ఉంటుంది.

నాలుగు. విడిది చేసిన చోట అసలైన తిండి తినాలి. ఇడ్లీ, ఉప్మా, ఉడికించిన గ్రుడ్డు, వేయించిన పల్లీలు, అన్నిటికంటె మిన్నగా పెరుగన్నం. పెరుగు పుల్లనిదే గదా అంటారేమో. పెరుగులో కాల్షియం, భాస్వరం నిండుగా ఉన్నందువల్ల ఆ పులుపు ఎనామిల్‌ను కరిగించదు. భోజనం చివర పెరుగన్నం తినే మన అలవాటు పళ్ళకు కూడా మంచిదే నన్నమాట. తిన్న తరువాత చక్కెర లేని చూయింగ్ గమ్ కాసేపు నమిలితే ఉమ్మి బాగా ఊరుతుంది. అది ఆగినప్పుడే సుమా, సైకిలు మీద నములుతూ పోవద్దు.

అయిదు. మిగిలిన తీపినీళ్ళు ఇంటికి రాగానే పారబోయాలి. చాలామంది పిల్లలు ఆ సీసాను ఆఫీసు బల్ల మీద పెట్టుకొని సాయంత్రం దాకా కంప్యూటరు ముందు చప్పరిస్తారు. నెలకొక బ్రెవే కంటె రోజూ చేసే ఈ పని ఎక్కువ చేటు.

మన ఇంటి నిమ్మకాయ షర్బత్తు సంగతి కూడా చెప్పాలి. బజారు సీసా మానేయించి, అమ్మ చేతి షర్బత్తు నింపి పంపితే పళ్ళకు తేడా తెలియదు. అందులోనూ చక్కెర, అందులోనూ నిమ్మరసం. దానికంటె ఉప్పు వేసిన పలచని మజ్జిగ మేలు. కొబ్బరినీళ్ళలోనూ కొంత తీపి ఉన్నది గాని, బొండాం కొట్టించుకొని నిలబడి త్రాగేస్తాం, అక్కడితో అయిపోతుంది.

ఇంటికి వచ్చిన పిల్లవాడు చెమట కడుక్కొని వెంటనే బ్రష్షు పట్టుకుంటాడు. అది కూడదు. పులుపు తగిలిన ఎనామిల్ కాసేపు మెత్తబడి ఉంటుంది. ఆ సమయంలో తోమితే మెత్తబడినది కాస్తా ఊడ్చుకుపోతుంది. అరగంట, గంట ఆగాలి. ఈలోగా మంచినీళ్ళు పుక్కిలించి పాలో పెరుగో తీసుకోవచ్చు. ప్రొద్దున బయలుదేరే ముందే తోముకొని పోవడం అన్నిటికంటె మంచిది. బొగ్గుపొడి, ఇటుకపొడి వంటి గరుకు పదార్థాల జోలికి అసలే పోవద్దు.

రాత్రి తోముకోవడం మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు. నిద్రలో ఉమ్మి దాదాపు ఊరదు. ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రెండు నిమిషాలు తోమి, నురుగు ఉమ్మివేసి, నీళ్ళు పోసి పుక్కిలించకుండా పడుకోవాలి. మనకిది వింతగా ఉంటుంది, నాలుగు చెంబుల నీళ్ళు పోసుకుంటే గాని కడుక్కున్నట్లు ఉండదు. కాని పంటి మీద మిగిలిన ఆ కాస్త ఫ్లోరైడే రాత్రంతా పనిచేసి, కరిగిన చోట్ల మళ్ళీ ఖనిజం చేరడానికి సాయపడుతుంది. ఒకసారి గుంట పడిన ఎనామిల్ మాత్రం తిరిగి పెరగదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను పైకి వచ్చేసరికే పోతాయి. అందుకే జివ్వుమన్న మొదటి నెలలోనే డాక్టరుకు చూపించడం. ఏడాది ఆగితే పూడ్చవలసినది రూట్ కెనాల్ అవుతుంది. ఖర్చూ బాధా రెండూ హెచ్చుతాయి.

సికిందరాబాదు సోదరికి ఒక మాట. మీవారితో మెల్లగా ఈ సంగతి చెప్పి చూడండి. సైకిలు అమ్మినంత మాత్రాన పుచ్చిన పళ్ళు బాగుపడవు. బరువు తిరిగి వస్తే మాత్రం దించడం ఈసారి మరింత కష్టం. అబ్బాయికి కూడా చెప్పండి. తండ్రి కేకలు వేసింది తన మీద కోపంతో కాదు. ఆయన తన తండ్రిని చక్కెర వ్యాధికి ఇచ్చుకున్నవాడు. చక్కెర పేరు వింటేనే ఆయనకు భయం. రెండు రూట్ కెనాల్‌లూ ఆలస్యం చేయకుండా చేయించుకొని, మిగిలిన నాలుగూ పూడ్పించుకోమనండి. ఒక సీసాలో ఎప్పుడూ మంచినీళ్ళే పోస్తానని తండ్రి ఎదుట ఒప్పుకొమ్మనండి. ఆ మంచినీళ్ళ సీసా శనివారం తెల్లవారుజామున మీవారే నింపి ఇస్తే ఇద్దరి మధ్యా మాటలు వాటంతటవే వస్తాయి.

ఇదే విషయం మీద వచ్చిన మరికొన్ని జాబులకు సమాధానాలు:

ప్రశ్న (విజయవాడ): మా పాప సైకిలు మీద స్కూలుకు పోతుంది. ఎండ దెబ్బ తగలకుండా ఓ.ఆర్.యస్. అని అట్టపెట్టెలో అమ్మే పానీయం రోజూ ఇస్తున్నాను. మంచిదేనా?

జవాబు: రోజూ అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలైన ఓ.ఆర్.యస్. విరేచనాలైనప్పుడు ఇచ్చే మందు. అందులో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే ఉంటుంది. ఆ పేరు పెట్టుకొని అంతకు ఎన్నో రెట్లు చక్కెర వేసి అమ్మిన పానీయాలు ఉండేవి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆ సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఓ.ఆర్.యస్. అనే మాట వాడకూడదని ఆదేశించింది. పెట్టె మీద పెద్ద అక్షరాలు చూసి మోసపోకుండా, వెనుక ఉన్న చిన్న అక్షరాలలో చక్కెర ఎంతో చదవండి. బడికి పోయే పిల్లకు మంచినీళ్ళ సీసా, ఇంటికి రాగానే మజ్జిగ చాలు.

ప్రశ్న (గుంటూరు): చక్కెర లేని రకం అని అమ్ముతున్నారు. అది త్రాగితే పళ్ళకు భయం లేదు గదా?

జవాబు: పుచ్చడం తగ్గుతుంది. అరగడం తగ్గదు. చక్కెర తీసేశారు గాని పులుపు అలాగే ఉంచారు. అందులోనూ ఎంతసేపు చప్పరిస్తారన్నదే లెక్క.

ప్రశ్న (రాజమండ్రి): పల్లీపట్టీ, ఖర్జూరాలు, తేనె ప్రకృతి ఇచ్చినవి. అవి కూడా పళ్ళకు చేటంటే ఎలా?

జవాబు: పాచిలోని సూక్ష్మజీవులకు బెల్లమైనా తేనె అయినా ఒకటే. పల్లీపట్టీ, ఖర్జూరం ఒంటికి మంచి తిండే, జెల్ పొట్లం కంటె ఎంతో మేలు. కాని పళ్ళకు అంటుకుంటాయి. తిన్న వెంటనే నీళ్ళు త్రాగమనండి. ఉత్త పల్లీలైతే ఆ బాధ కూడా లేదు.

ప్రశ్న (నల్గొండ): మా జిల్లాలో ఫ్లోరైడు వల్ల పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిపోయినవారిని కళ్ళారా చూశాం. మీరు ఫ్లోరైడు పేస్టు వాడమంటారేమిటి?

జవాబు: మీ అనుమానం సహజమైనదే. ఆ కష్టం ఏళ్ళ తరబడి ఫ్లోరైడు హెచ్చుగా ఉన్న నీళ్ళు త్రాగినందువల్ల వచ్చింది. పేస్టు పైపూత వంటిది, మ్రింగేది కాదు. పెద్దవాళ్ళు భయపడనవసరం లేదు. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ లోపు వారికి బఠానీ గింజంత పేస్టు పెట్టి, మ్రింగకుండా దగ్గర ఉండి తోమించండి. మీ బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువని తెలిస్తే పిల్లల విషయం దంతవైద్యుని అడిగి నిర్ణయించుకోండి.

ప్రశ్న (ఖమ్మం): మావారికి 58 ఏళ్ళు. ఇన్సులిన్ తీసుకుంటారు. రోజూ సైకిలు మీద పది కిలోమీటర్లు తిరుగుతారు. జేబులో గ్లూకోజు పెట్టుకొని వెళ్ళవద్దా?

జవాబు: తప్పకుండా పెట్టుకొని వెళ్ళాలి. వణుకు, చెమటలు, కళ్ళు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే సైకిలు దిగి గ్లూకోజు నోట్లో వేసుకోవాలి. ఆ క్షణంలో పళ్ళ సంగతి ఆలోచించకూడదు. ఒళ్ళు కుదుటపడ్డాక నీళ్ళు పుక్కిలించవచ్చు. అటువంటిది ఒకటికి రెండుసార్లు జరిగితే మందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడండి. ఒంటరిగా కాకుండా తోడు ఎవరినైనా తీసుకొని వెళ్ళమనండి.